గ్లైసీన్ రూపం మారిందా, లేజర్ కాల్చిందా?

సంపాదకులకు,

ఏటా ఫిబ్రవరి 28న రామన్ ఫలితాన్ని తలుచుకుంటాం. దానితో పని ఎలా జరుగుతుందో మాత్రం పత్రికల్లో కనబడదు. పదార్థంపై లేజర్ వేసి, చెదిరిన కాంతి వర్ణపటంలోని శిఖరాలను బట్టి కంపనాలను చదవడమే ఆ పని. అమైనో ఆమ్లాల్లో చిన్నదైన గ్లైసీన్‌నే తీసుకోండి. ఉత్త నీటి ద్రావణం నుంచి సాధారణంగా ఆల్ఫా అనే రూపంలో స్ఫటికాలు వస్తాయి. అవే అణువులు వేరే అమరికలో ఉండే గామా రూపం కావాలంటే ద్రావణంలో ఉప్పు కలుపుతారు. గామాను మెల్లగా వేడిచేస్తే దాదాపు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆల్ఫాగా మారుతుంది. రేణువు పరిమాణాన్ని, వేడిచేసే వేగాన్ని బట్టి ఈ అంకె అటూ ఇటూ జరుగుతుంది.

ఈ మార్పును పట్టుకోవడానికి వర్ణపటంలో చూడాల్సింది 200 సెం.మీ.⁻¹ (శిఖరాల స్థానాన్ని చెప్పే ప్రమాణం) లోపు ఉండే జాలక కంపనాలను, అంటే స్ఫటికంలో అణువులన్నీ కలిసి ఊగే కదలికలను. శిఖరాలు కొద్దికొద్దిగా కిందికి జరగడం ఉత్త వ్యాకోచమే. వాటి సంఖ్య, అమరిక ఒక్కసారిగా మారితేనే రూపం మారినట్టు.

అసలు చిక్కు లేజర్‌తోనే. ఉష్ణమాపకం చెప్పేది స్ఫటికాన్ని పెట్టి వేడిచేసే పీఠం వేడి, లేజర్ పడిన చుక్కది కాదు. లేజర్ శక్తిని సగానికి తగ్గించి మళ్లీ కొలవండి. శిఖరం కదిలితే అదనపు వేడి లేజర్‌దే. స్ఫటికం కాస్త ఒరిగినా శిఖరాల ఎత్తులు మారి, లేని మార్పును చూపిస్తాయి. కొలత మొదలుపెట్టే ముందు సిలికాన్ 520.5 సెం.మీ.⁻¹ శిఖరంతో పరికరాన్ని సరిచూడాలి. చల్లార్చేటప్పుడూ వర్ణపటాలు తీయాలి: గది ఉష్ణోగ్రతకు వచ్చినా ఆల్ఫా వెంటనే గామాగా తిరిగిరాదు.

– ఒక పాఠకుడు