ఫ్రిజ్ ఉందని రాయిస్తే కార్డు పోతుందా?

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్లో చాలా కోపంగా మాట్లాడావు. "జనానికి బుద్ధి లేదురా, లెక్క రాసుకోవడానికి వెళ్తే దొంగను చూసినట్టు చూస్తారు, ఈ జనగణన డ్యూటీ పడితే మెడికల్ లీవ్ పెట్టేస్తా" అన్నావు. అప్పుడు షాపులో జనం ఉన్నారు, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. నువ్వు గడప బయట నిలబడి చూసిన మనుషులే రోజూ నా జిరాక్స్ సెంటర్‌కి వస్తారు. లెక్క రాసుకోవడానికి వచ్చే ఎన్యూమరేటర్ ముందు నోరు విప్పని వాళ్లు నా కౌంటర్ దగ్గర అన్నీ చెప్పుకుంటారు. వాళ్ల తరఫున నీతో నాలుగు మాటలు మాట్లాడాలనిపించింది. పొడుగవుతుంది, తీరిక చూసుకుని చదువు.

2024 నవంబర్లో నీ కష్టం నాకు తెలుసు. పొద్దున ఒంటిపూట బడి, మధ్యాహ్నం నుంచి మన తెలంగాణ సర్కారు పెట్టిన ఇంటింటి కుల సర్వే. ముందు తలుపులకు స్టిక్కర్లు అంటించడం, ఆ తర్వాత ఫారాలు. అసలు ప్రశ్నలు 56, వాటి కింద పిల్ల ప్రశ్నలు కలిపితే 75. అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదని, ఒకాయన తలుపు సందులోంచే "మాకేం అక్కర్లేదు పో" అన్నాడని చెప్పావు. నీకు కోపం రావడంలో తప్పేం లేదు. కానీ ఆ ఫారంలో ఏం అడిగారో ఒకసారి గుర్తు చేసుకో. కులం, ఆదాయం, భూమి, అయిదేళ్లలో చేసిన అప్పులు, అప్పు ఎందుకు చేశారు, ఎవరి దగ్గర చేశారు, ఇంట్లో ఏ వస్తువులున్నాయి, ఏ పథకాలు అందుతున్నాయి. నా అప్పుల సంగతి మా పెద్దన్నయ్యకే పూర్తిగా తెలియదు. ముక్కూ మొహం తెలియని మనిషి, పక్కింటి వాళ్లు వింటుండగా, గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరు చెబుతారు?

సర్వే అయిన కొన్నాళ్లకు బీడీలు చుట్టే ఒకామె మా షాపుకి వచ్చింది. చేతిలో బట్టల షాపు వాళ్లిచ్చే ప్లాస్టిక్ కవరు. అందులో ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, పీఎఫ్ కాగితాలు, అన్నీ మడతల దగ్గర చిరిగి టేపు అంటించినవి. వాటిని ఒక్కొక్కటీ కౌంటర్ మీద పరిచి, వెనక ఎవరూ లేరని చూసుకుని, మెల్లిగా అడిగింది. "సారూ, సర్వేల ఫ్రిజ్ ఉందని రాయిచ్చిన. అది తీసేపియ్యరాదు? కార్డు పోతదంటున్నరు." ఆ ఫ్రిజ్ సెకండ్ హ్యాండ్‌ది, కూతురు కొనిచ్చింది. ఎవరో పక్కింటామె భయపెట్టిందట, ఫ్రిజ్ ఉన్నోళ్లకి బియ్యం బందు అని. నా కంప్యూటర్లో ఆ సర్వే ఉండదమ్మా అని చెప్పినా నమ్మలేదు. కంప్యూటర్ అంటే అన్నీ అందులోనే ఉంటాయని ఆమె లెక్క. ఇరవై రూపాయలు ఎక్కువిస్తా చూడమంది.

ఆ భయం వట్టిది అని కొట్టిపారేయడానికి నాకు మనసు రాలేదు. మన రాష్ట్రంలో జరిగినవి తల్చుకో. రాష్ట్రం వచ్చాక కొన్నేళ్లలోనే దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలామటుకు ఇంటికొచ్చి చూసిన వాళ్లు లేరు, ముందు నోటీసు ఇచ్చిందీ లేదు. రకరకాల శాఖల రికార్డులు కంప్యూటర్లో కలిపి చూసి, వీళ్లకు వాహనం ఉంది, వీళ్లకు ఆస్తి ఉంది అని తేల్చేశారు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన మనిషి పేరు మీద కారు ఉన్నట్టు కంప్యూటర్ చూపించింది, ఆ ఇంటికి బియ్యం అందలేదు. పేరు పేరుతో కలిసినంత మాత్రాన మనిషి మనిషితో కలిసిపోతాడా మామా? చివరికి సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లో చెప్పాల్సి వచ్చింది, రద్దు చేసిన కార్డులన్నింటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని. ఏదో ఒక సర్వే వల్లే ఆ కార్డులు పోయాయని నేను అనడం లేదు. పోగొట్టుకున్న వాళ్లకు మాత్రం ఏ కాగితం ఎక్కడికి వెళ్లి తమ కంచం లాగేసిందో ఈరోజుకీ ఎవరూ చెప్పలేదు. అందుకని వాళ్లు ప్రతి కాగితాన్నీ అనుమానిస్తారు. ఆ స్థితిలో నేనున్నా అదే చేస్తాను.

ఇంకో సంగతి చూడు. 2014 ఆగస్టు 19 గుర్తుందా, సమగ్ర కుటుంబ సర్వే? ఊరంతా బంద్ పెట్టినట్టు ఉండింది. బస్సుల్లేవు, దుకాణాల్లేవు, అందరూ ఇళ్లల్లోనే. ముందురోజు వరకూ ముంబయి నుంచి, భివండి నుంచి, సూరత్ నుంచి మనవాళ్లు బస్సులకు వేలాడుతూ వచ్చారు. కూలి పోయినా సరే, ఆ రోజు ఇంట్లో కనిపించకపోతే లిస్టులోంచి పేరు పోతుందని. అప్పుడు తలుపులు బార్లా తెరిచి రాయించుకున్న జనమే పదేళ్లకు నీ మొహం మీద తలుపు వేశారు. పైకి రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయి కానీ లోపల ఉన్న భయం ఒకటే. ప్రభుత్వం లెక్కకొస్తే ఏదో ఒకటి ఇస్తుంది, లేదా ఉన్నది తీసేస్తుంది. మామూలుగా లెక్కపెట్టుకోవడానికే వస్తుందని మనవాళ్లలో ఎవరూ అనుకోరు. ఆ 2014 సర్వేలో బ్యాంకు ఖాతా వివరాలు కూడా అడిగారు, కోర్టు దాకా గొడవ వెళ్లింది. అంత చేసి పూర్తి నివేదికను జనం ముందు పెట్టనేలేదు. అడిగినవన్నీ చెప్పిన వాడికి ఆ లెక్కలో ఏం తేలిందో చెప్పకపోవడం నాకు అన్నింటికంటే పెద్ద అవమానంగా అనిపిస్తుంది.

కాగితాలు దాచే తీరు కూడా చూశాం కదా. 2024 జనవరిలో, పథకాల కోసం జనం సర్కారుకి ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు బాలానగర్ ఫ్లైఓవర్ మీద బైక్ వెనక నుంచి జారిపడి రోడ్డంతా ఎగిరిన వీడియో నువ్వే నాకు పంపావు. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఊరు, పేరు అన్నీ ఉన్న కాగితాలు. మరుసటి రోజు మా షాపులో అదే చర్చ. మోసగాళ్లకు మన నంబర్లు ఎట్లా దొరుకుతున్నాయో ఇప్పుడు తెలిసింది అన్నాడు ఒక పెద్దాయన.

ఇప్పుడు జనగణన సంగతి. ఇది నీకు చెప్పాలనే అసలు కూర్చున్నాను. మామా, జనగణన వేరు, మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్న సర్వేలు వేరు. దానికి 1948 నాటి చట్టం ఉంది. అందులో 15వ సెక్షన్ చదివి చూడు. ఎన్యూమరేటర్ రాసుకున్న వివరాలు చూసే హక్కు ఎవరికీ లేదు. ఆ చట్టం కింద పెట్టిన కేసుల్లో తప్ప ఏ సివిల్ కేసులోనూ, క్రిమినల్ కేసులోనూ వాటిని సాక్ష్యంగా వాడడానికి వీల్లేదు. బయటపెట్టిన ఉద్యోగికి శిక్ష ఉంది. జవాబు చెప్పడం మన బాధ్యత అంటూనే, ఇంట్లో ఆడవాళ్ల పేర్లు చెప్పి తీరాలని లేదనీ, భర్త పేరు పలకని ఆచారం ఉన్న ఆడమనిషిని ఆ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదనీ 8వ సెక్షన్లో రాశారు. ఆ రోజుల్లో చట్టం రాసిన వాళ్లు గుమ్మంలో నిలబడ్డ మనిషి ఇబ్బందిని అంత దగ్గరగా ఆలోచించారంటే నాకు ముచ్చటేసింది.

మరి ఇంత మంచి చట్టం ఉండి జనం ఎందుకు నమ్మరు అంటావు. ప్రభుత్వాలే ఆ గీత చెరిపేశాయి. 2010లో ఇళ్ల లెక్కకు వచ్చిన టీచరే ఇంకో ఫారం కూడా తీశాడు, అది జాతీయ జనాభా రిజిస్టర్‌ది. అది పౌరసత్వ చట్టం కింద వచ్చేది, జనగణన చట్టం ఇచ్చే గోప్యత దానికి లేదు. 2011లో జనగణన జరిగింది, దాని వెనకే సామాజిక ఆర్థిక కుల గణన జరిగింది. రెండోదాన్ని జనగణన చట్టం కింద చేయలేదు, ఎందుకంటే పథకాలకు అర్హుల్ని ఏరడానికి ఆ వివరాలు కావాలి. ఒకటి తాళం వేసిన పెట్టె, ఇంకోటి తెరిచిన పెట్టె. ఇంటి మనిషికి మాత్రం రెండుసార్లూ ఒకేలా ఒక సర్కారీ మనిషి, ఒక ప్యాడు, ఒక పెన్ను కనిపించాయి. తేడా ఎవరైనా విడమర్చి చెప్పారా? 2020కి వచ్చేసరికి జనాభా రిజిస్టర్, ఎన్ఆర్సీ (జాతీయ పౌరుల పట్టిక) గొడవతో దేశమంతా అట్టుడికింది. ఆ మార్చిలో మన అసెంబ్లీ కూడా దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మా షాపు పక్క వీధిలో ముస్లిం కుటుంబాలు తాతల నాటి స్కూల్ సర్టిఫికెట్లు, భూమి పాస్ పుస్తకాలు తెచ్చి కట్టలు కట్టలుగా జిరాక్స్‌లు తీయించుకున్నారు. వాళ్ల మొహాలు చూస్తే నాకు డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు. తర్వాత కరోనా వచ్చి అన్నీ ఆగిపోయాయి, కానీ ఆ టెన్షన్ ఇంకా ఆ వీధి దాటలేదు.

పశ్చిమ జర్మనీలో జరిగింది కూడా నీకు చెప్పాలి. 1983లో అక్కడ జనగణన పెడతామంటే జనం పెద్ద ఎత్తున ఎదురుతిరిగారు. హిట్లర్ కాలంలో లిస్టులు ఏం చేశాయో తెలిసిన దేశం అది. ప్రభుత్వం ఆ లెక్కలతో స్థానిక రికార్డుల్ని కూడా సరిదిద్దుకుంటామంది. ఆ ఏడాది డిసెంబర్ 15న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కుదరదంది. తన వివరాలు ఎవరి చేతికి వెళ్లాలో నిర్ణయించుకునే హక్కు మనిషిదేనని, గణాంకాల కోసం తీసుకున్నదాన్ని పాలన పనులకు కలపొద్దని చెప్పింది. చట్టం మార్చుకుని 1987లో గానీ లెక్క జరపలేకపోయారు, అప్పుడు కూడా నిరసనలు ఆగలేదు. అమెరికాలో ఇంకా ఘోరం. 1940 జనగణన లెక్కలే 1942లో జపాన్ సంతతి వాళ్లు ఏ ఏ ప్రాంతాల్లో ఎక్కువున్నారో చూపించి, వాళ్లను క్యాంపుల్లో పెట్టడానికి దారి చేశాయి. ఇవన్నీ చదివాక, భయపడే వాళ్లను చదువులేని వాళ్లు అనడం నాకు చేతకావడం లేదు.

మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలతో గోప్యత ప్రాథమిక హక్కే అని తీర్పిచ్చింది. 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది, అందులో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు మాత్రం ప్రభుత్వమే పెట్టుకుంది. ఇది నాకు అస్సలు నచ్చలేదు. మన వివరాలు అందరికంటే ఎక్కువ ఎవరి దగ్గరున్నాయో వాళ్లకే సడలింపు ఏమిటి?

అట్లాగని తలుపులు వేసుకోమని ఎవరికీ చెప్పను. కుల సర్వేలో దాదాపు 16 లక్షల మంది చేరలేదని సర్కారే చెప్పింది, 2025 ఫిబ్రవరిలో వాళ్లకు ఇంకో అవకాశం ఇచ్చింది. లెక్కలో లేకపోతే నష్టం ఎవరికి? ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి బియ్యం ఇవ్వాలన్నది ఇప్పటికీ 2011 జనాభా లెక్క మీదే నడుస్తోంది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు, కొత్తగా కాపురం పెట్టిన జంటలు కార్డు కోసం ఏళ్ల తరబడి నా కౌంటర్ చుట్టూ తిరగడానికి అదీ ఒక కారణం. ఫ్రిజ్ సంగతి తీసేయించమని అడిగిన ఆమెకు బియ్యం కోటా పెరగాలన్నా కొత్త లెక్కే రావాలి. ఈ మాట ఆమెకు చెప్పే మనిషి కావాలి మామా, అది నువ్వే అవ్వొచ్చు.

ఈసారి జనగణనలో రాసుకోవడం అంతా ఫోన్ యాప్‌లోనే. మొదటి విడతలో జరిగే ఇళ్ల లెక్కకు 33 ప్రశ్నలు, వాటిలో ఆధార్ నంబరు లేదు, బ్యాంకు ఖాతా నంబరు లేదు. ఫోన్ నంబరు అడుగుతారు, అది జనగణన సమాచారం పంపడానికే అంటున్నారు. కావాలంటే జనమే ఆన్‌లైన్లో నింపుకుని, వచ్చిన ఐడీ నీకు చెబితే చాలు. కులం ప్రశ్న రెండో విడతలో, 2027 ఫిబ్రవరిలో వస్తుంది. ఈ ముక్కలు గుమ్మంలోనే చెప్పు, ప్రశ్నలకంటే ముందు చెప్పు. పక్కింటి వాళ్లు ఉంటే కాసేపు ఆగి లోపల కూర్చుని అడుగు. నంబర్లూ ఓటీపీలూ అడిగేవాడు ఎవరొచ్చినా నమ్మొద్దని కూడా చెప్పు, ఆ ఒక్క మాటకే సగం మంది నిన్ను నమ్ముతారు.

ట్రైనింగ్‌లో నువ్వు లేచి అడగాల్సినవి ఉన్నాయి, నీ స్వభావానికి కష్టమైనా అడుగు. ఈ వివరాలు జనాభా రిజిస్టర్‌కి గానీ, పథకాల లిస్టులకు గానీ వెళ్తాయా, వెళ్లవంటే ఆ మాట రాసి ఉన్న కాగితం మాకివ్వండి అను. నీ సొంత ఫోన్లో యాప్ వేసుకోమంటే, ఆ ఫోన్ పోతే జనం వివరాలకు బాధ్యత ఎవరిదో అడుగు. పెద్దసార్లు విసుక్కుంటే విసుక్కోనీ. నిన్ను ఇంటికి పంపేది వాళ్లు, తిట్లు తినేది నువ్వు.

15వ సెక్షన్ సంగతి తెలుగులో అందరికీ అర్థమయ్యేలా ఒక పేజీ టైప్ చేస్తున్నాను. ఇంటింటికీ ఒకటి ఇవ్వొచ్చు, పేపరు ఖర్చు నాదే. నీ బ్లాకులో ఎన్ని ఇళ్లు పడతాయో తెలియగానే ఫోన్ చెయ్యి, అన్ని కాపీలు తీసి బస్సులో వేస్తాను. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ దోస్తు