‘గ్రోత్ లేదు’ అంటే క్షయ లేదని కాదు

సంపాదకులకు నమస్కారం.

క్షయ రోగులను గుర్తించే శిబిరాల వార్తలను మీ పత్రిక శ్రద్ధగా ప్రచురిస్తోంది. ఎందరికి పరీక్షలు చేశారో, ఎందరిలో వ్యాధి బయటపడిందో వాటిలో తెలుస్తోంది గానీ, పరీక్షకు దొరకకుండా పోయే క్రిముల ప్రస్తావన రావడం లేదు. చాలాకాలం క్షయ ప్రయోగశాలలో పనిచేసి, వైద్య విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్రం బోధించిన వ్యక్తిగా ఆ సంగతి చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములుంటే తప్ప సూక్ష్మదర్శినిలో కనిపించవు. క్రిములను పోషక మాధ్యమంలో పెంచి చూసే కల్చర్ పరీక్షకు 10 నుంచి 100 సజీవ క్రిములున్నా చాలు. అయితే క్షయ క్రిమి ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. కోడిగుడ్డు, మలకైట్ గ్రీన్ కలిపి తయారుచేసిన ఎల్‌జే (లోవెన్‌స్టీన్-జెన్సన్) అనే గట్టి మాధ్యమపు ఆకుపచ్చని వాలు మీద అవి పాలిపోయిన పసుపు రంగు గరుకు పలుకుల్లా కంటికి ఆనేసరికి వారాలు గడుస్తాయి. ఎనిమిది వారాలు చూసిన తర్వాతే ‘గ్రోత్ లేదు’ అని నివేదిక రాస్తాం. ద్రవ మాధ్యమంలోనైతే ఆ గడువు 42 రోజులు.

ఇంత ఓపిక పట్టినా పెరగని క్రిములు ఉంటాయి. తెమడలోని ఇతర సూక్ష్మజీవులను చంపడానికి వాడే సోడియం హైడ్రాక్సైడ్ కొన్ని క్షయ క్రిములనూ చంపుతుంది. అంతకన్నా ఆలోచించవలసింది, బతికే ఉండి కూడా మామూలు మాధ్యమంలో పెరగని క్రిముల గురించి. వీటిని మేల్కొలిపే ప్రోటీన్లను 1998లో మైక్రోకాకస్ లూటియస్ అనే వేరే సూక్ష్మజీవిలో గుర్తించారు. ఆ కోవకు చెందినవి క్షయ క్రిమిలో ఐదున్నాయి. ఈ ప్రోటీన్లున్న కల్చర్ ద్రవాన్ని మాధ్యమానికి చేర్చినప్పుడు, అంతవరకూ లేవనుకున్న క్రిములు రోగుల తెమడ నుంచి పెద్ద సంఖ్యలో పెరగడాన్ని లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో చూపించారు. ఆ తర్వాత జొహానెస్‌బర్గ్‌లోని విట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులూ అటువంటి క్రిములను రోగుల్లో కనుగొన్నారు. క్షయ భారం ప్రపంచంలోనే అత్యధికంగా మోస్తున్న మన దేశంలో ఈ పని ఇంకా విస్తృతంగా జరగాలి. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ తోడ్పాటుతో మన రెండు రాష్ట్రాల రిఫరెన్స్ ప్రయోగశాలలు దీన్ని చేపట్టాలని కోరుతున్నాను.

సీబీనాట్, ట్రూనాట్ అనే జన్యు పరీక్షలు వచ్చాక కల్చర్ దేనికని కొందరు అడుగుతున్నారు. అవి డీఎన్‌ఏను పట్టుకుంటాయి కనుక క్రిమి పెరగవలసిన పని లేదు, ఫలితమూ గంటల్లోనే వస్తుంది. నిర్ధారణకు ముందుగా వాటినే వాడాలి. కానీ చనిపోయిన క్రిమి డీఎన్‌ఏ కూడా వాటికి దొరుకుతుంది. చికిత్స పనిచేస్తోందా లేదా అన్నది తేలాలంటే సజీవ క్రిమిని చూపించే పరీక్షే కావాలి.

పరిశోధన ఫలించేదాకా ఆగనక్కర్లేకుండా రేపే సరిదిద్దగలిగిన లోపం ఒకటుంది. మెడ గ్రంథి నుంచో, వెన్నుపూస నుంచో శస్త్రచికిత్స చేసి తీసిన ముక్కను మొత్తంగా ఫార్మలిన్ (కణజాలం కుళ్లకుండా ఉంచే రసాయనం) సీసాలో వేసి పంపడం నేను పదే పదే చూశాను. ఫార్మలిన్‌లో క్రిములు చనిపోతాయి, డీఎన్‌ఏ కూడా దెబ్బతింటుంది. అటువంటి ముక్కను కల్చర్‌కు పంపి ‘గ్రోత్ లేదు’ అనిపించుకున్నందువల్ల రోగికి ఒరిగేదేమీ లేదు, పైగా మళ్లీ కత్తి కిందకు వెళ్లవలసి రావచ్చు. అసలే క్రిములు తక్కువగా ఉండే ఊపిరితిత్తేతర క్షయలో ఇది మరీ అన్యాయం. ముక్కలో ఒక భాగాన్ని ఫార్మలిన్‌లోనూ, రెండో భాగాన్ని శుభ్రమైన సెలైన్‌లోనూ వేసి వెంటనే ప్రయోగశాలకు చేర్చాలని ఆరోగ్య శాఖ ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నింటికీ ఉత్తర్వు ఇవ్వాలి. అదేవిధంగా ‘గ్రోత్ లేదు’ అన్న ప్రతి నివేదిక అడుగునా, ఈ ఫలితంతో మాత్రమే క్షయ లేదని తేల్చరాదని, లక్షణాలు, ఎక్స్‌రే, ఇతర పరీక్షలతో కలిపి చూడాలని తెలుగులో అచ్చు వేయించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు,
గుంటూరు.