ఎంజీబీ: ఏ సంవత్సరం మోడల్?

మిత్రులకు నమస్కారం. ఆదివారం ఉదయం 10 గంటలకు రెండు ఎంజీబీ రోడ్‌స్టర్లు (పైకప్పు తీసేయగల పాత బ్రిటిష్ రెండు సీట్ల కార్లు) చూడబోతున్నాం: ఒకటి 1972, ఇంకొకటి 1977. బ్రిటన్‌లో రెండింటికీ రోడ్డు పన్ను కట్టక్కర్లేదు.

నా ఓటు 1972కే. 1974లో అమెరికా నిబంధనల కోసం క్రోమ్ బంపర్లు తీసేసి నల్ల రబ్బరువి తగిలించారు, కారు ఎత్తు కూడా పెంచారు. దాంతో మలుపుల్లో ఒరగడం ఎక్కువైంది. 1977 మోడల్‌కు యాంటీ రోల్ బార్లు (ఒరగడాన్ని తగ్గించే కడ్డీలు) మార్చి కొంత సరిచేశారు, ఒప్పుకుంటాను.

అయినా ఏడాది కన్నా తుప్పు ముఖ్యం. తలుపుల కింది సిల్స్‌పై అయస్కాంతం పెట్టండి. అంటుకోలేదంటే తుప్పును కప్పేసిన పుట్టీయే. (మెరిసే రంగు చూసి నేను ఒకసారి మోసపోయాను!)

వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి. టార్చి, అయస్కాంతం మరవకండి. మనం వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే నాకు చెప్పండి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదన్న సంగతి దాస్తున్నారేమో, బేరం అక్కడే ఆపేద్దాం.