పాలలో వేసి చూస్తే నీలం నిజం తేలదు

సంపాదకులకు,

నీలాన్ని పాలలో వేస్తే పాలు నీలంగా కనబడాలన్న నమ్మకం బెంగళూరులో జాతిరాళ్లు కొనే మనవాళ్లలో ఇంకా పోలేదు. నీలిరంగు గాజుముక్క వేసినా పాలు అలాగే కనబడతాయి. రాయిలోంచి వచ్చిన వెలుతురు పాల మీద పడుతుంది, అంతే.

చిక్‌పేటలోనో అవెన్యూ రోడ్డులోనో కనకపుష్యరాగం (నీలం జాతికే చెందిన పసుపు రాయి) కొనేవారికి పనికొచ్చేది నీళ్ల పరీక్ష. ముందు పొదగని రాయిని తూచండి. 0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేసి, రాయిని సన్నటి దారంతో అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. రాయి 5 క్యారెట్లు, అంటే 1 గ్రాము ఉంటే కాటా 0.25 దగ్గర ఆగాలి. 0.38 చూపితే అది సిట్రిన్ అనే చవక పసుపు రాయి. టోపాజ్ అనే మరో పసుపు రాయి అయితే 0.28 వస్తుంది, అక్కడ పొరబడే వీలుంది. రాయికి గాలిబుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది.

ల్యాబులో తయారుచేసిన రాయి మాత్రం ఈ పరీక్షకు దొరకదు. అదీ నీలం, కనకపుష్యరాగం లాగే కురువిందం అనే ఖనిజమే, బరువూ గట్టిదనమూ ఒకటే. దానికి 10 రెట్ల భూతద్దం కావాలి. తెల్లటి కప్పులో నీళ్లు పోసి రాయిని బోర్లా వేసి చూడండి. భూమిలో పెరిగిన రాయిలో రంగు పట్టీలు తిన్నగా సాగి 120 డిగ్రీల కోణంలో మలుపు తిరుగుతాయి. మంటలో కరిగించి చేసినదాంట్లో అవి గ్రామఫోన్ రికార్డు గాడుల్లా వంపుగా ఉంటాయి, గుండ్రటి బుడగలు కూడా కనబడొచ్చు. పసుపు రాళ్లలో ఈ వంపు గీతలు దొరకడం కష్టం, కాబట్టి కనబడలేదని నిశ్చింతగా ఉండకూడదు. మచ్చ లేని పెద్ద రాయి చవగ్గా వస్తోందంటే ముందు దాన్నే అనుమానించాలి.

రంగు కోసం కాల్చిన రాయి నకిలీ కాదు. శ్రీలంకలో గ్యూడా అనే పాలిపోయిన రాళ్లు కాలిస్తేనే నీలాలవుతాయి. చెప్పకుండా అమ్మడమే తప్పు. కాల్చేటప్పుడు బెరీలియం అనే మూలకాన్ని లోపలికి ఎక్కించిన రాళ్ల సంగతి వేరు. 2000 తర్వాత మార్కెట్లోకి వచ్చిన ఈ పద్ధతిలో పాలిపోయిన రాయి పసుపు, నారింజ రంగులు తెచ్చుకుంటుంది. భూతద్దంతో ఖాయంగా చెప్పలేం, పెద్ద ల్యాబుల్లోని లేజర్ యంత్రాలే తేల్చాలి. కార్డు సైజు సర్టిఫికెట్లో 'నేచురల్' అని ఉండటం చూసి ఆగిపోకండి. ఆ మాట రాయికి వర్తిస్తుంది, రంగుకు కాదు.

'పద్మరాగం' పేరుతో ఇంకో చిక్కు. మన భాషలో అది కెంపు. ఆ మాట నుంచే వచ్చిన పద్పరాద్‌షా అనే పేరుతో వ్యాపారులు పిలిచేది గులాబీ, నారింజ కలగలిసిన అరుదైన నీలజాతి రాయిని. వాటిలో కొన్నింటి నారింజ ఛాయ వెలుతురుకు తగ్గిపోతుంది. రంగు నిలకడ పరీక్ష చేసినట్టు రిపోర్టులో లేకపోతే డబ్బు కట్టకండి.

పగుళ్లలో కోబాల్ట్ కలిపిన సీసపు గాజు నింపిన నీలాలూ ఉన్నాయి. నిమ్మరసం తగిలినా, ఉంగరం బాగుచేసేటప్పుడు కంసాలి మంట సెగ తగిలినా ఆ గాజు పాడై పగుళ్లు బయటపడతాయి.

వెనక మూసి పొదిగిన రాయి కొనొద్దు. బిల్లులో బరువు రత్తీల్లో (పాత తూకం) కాక క్యారెట్లలో ఉండాలి. కాల్చారా, బెరీలియం ఎక్కించారా, గాజు నింపారా అన్నవి, ల్యాబు రిపోర్టు వచ్చేదాకా వాపసు గడువు కూడా అందులోనే రాయించుకోండి. నోటిమాటగా ఇచ్చే గ్యారంటీతో వినియోగదారుల కమిషన్‌లో నెగ్గడం కష్టం.

— ఒక రత్నపరీక్షకుడు, బసవనగుడి, బెంగళూరు