వేపచెట్టు కొట్టించమన్నది నేనే

మా దగ్గర స్విమ్మింగ్ పూల్ సర్వీస్ తీసుకుంటున్న అందరికీ నమస్కారం. ఈ ఎండాకాలం నుంచి పని పద్ధతి కొంచెం మారుస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

పోయిన ఏడాది తిరుచానూరు వైపు ఒక ఇంట్లో, పెరటి పూల్‌కు పడమరగా పెద్ద వేపచెట్టు ఉండేది. మొదట ఆకు, ఉగాదికి పూత. నీటిపై తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్ట రోజుకు రెండుసార్లు నిండిపోయేది. "కొట్టించేయండి సార్, టెన్షన్ ఉండదు" అన్నాను. ఆ ఇంటి పెద్దావిడ "చెట్టేం చేసింది నాయనా" అని బాధపడ్డారు. అయినా నా మాటే నెగ్గింది.

ఆకులు ఆగాయి. కానీ మే నెలలో నీళ్లు ఆకుపచ్చగా మారాయి. పొద్దున ఎనిమిదికి క్లోరిన్ ఉందో లేదో చూసే టెస్ట్ చుక్కలు వేస్తే గొట్టంలో నీళ్లు పసుపు కలిపినట్టు ఉండేవి. మధ్యాహ్నం మూడింటికి అవే చుక్కలు వేస్తే రంగే లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు క్లోరిన్ విరిగిపోతుంది. స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ విరగకుండా కాపాడే మందు) లేని నీళ్ల మీద మన ఎండ నేరుగా పడితే గంటలోపే సగం పోతుంది. ఇన్నాళ్లూ మధ్యాహ్నం పూట దాన్ని కాపాడింది ఆ చెట్టు నీడే. పైగా నీళ్లు వేడెక్కి, మట్టం కూడా తొందరగా తగ్గి, ట్యాంకర్లు తెప్పించుకోవాల్సి వచ్చింది. పెద్దావిడకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ పూల్‌లో స్టెబిలైజర్‌గా సయనూరిక్ యాసిడ్ వేసి 30 నుంచి 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 30 నుంచి 50 పాళ్లు) మధ్య ఉంచాక క్లోరిన్ నిలిచింది. కానీ ఈ యాసిడ్ ఆవిరయ్యేది కాదు. ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్లల్లోనూ ఇది ఉంటుంది కాబట్టి, అవి వాడేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది. మరీ ఎక్కువైతే క్లోరిన్ ఉన్నా సరిగా పని చేయదు, కొంత నీళ్లు తీసేసి కొత్తవి నింపాల్సిందే. నీళ్లకు కటకటగా ఉండే రోజుల్లో అది ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే బిళ్లలు వాడే ఇళ్లలో నెలకోసారి ఈ యాసిడ్ ఎంతుందో కొలుస్తాం, దానికి విడిగా డబ్బులు తీసుకోం.

చెట్టు కొట్టించమని ఇక ఎవరికీ చెప్పను. సరిగ్గా నీళ్ల మీదకు వంగిన కొమ్మలు మాత్రం తీయించండి. రాలిన ఆకు అడుగున కుళ్లితే క్లోరిన్‌ను తినేస్తుంది, నేల మీద మరక పడుతుంది. కాబట్టి ఆకు రాలే నెలల్లో మా అబ్బాయి వారానికి ఒకరోజు అదనంగా వస్తాడు.

లిక్విడ్ క్లోరిన్ ఇకపై పొద్దు వాలాకే పోస్తాం. సాయంత్రం ఆరు తర్వాత గేటు తీసేవాళ్లు లేకపోతే ముందురోజే ఒక్క ఫోన్ చేయండి.