స్టేడియం తాళంచెవి ఎవరి దగ్గర?

సంపాదకులకు నమస్కారం.

ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా (వ్యాయామ ఉపాధ్యాయుడిగా), తర్వాత పీడీగా (ఫిజికల్ డైరెక్టరుగా) పనిచేసి రిటైరయ్యాను. పిల్లలకు మాత్రం ఎప్పుడూ డ్రిల్లు మాస్టారినే. ఆటలు నేర్పేవాళ్లను తయారుచేసే చదువు మన విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఆటస్థలాలను నడిపేవాళ్లను తయారుచేసే చదువును, అంటే స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌ను, మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు పెద్దగా పట్టించుకోలేదు. దాన్ని డిగ్రీ స్థాయిలో పెట్టాలని అడగడానికే ఈ లేఖ.

మొన్న సంక్రాంతి వెళ్లాక ఒకరోజు పొద్దున ఆరింటికి మనవరాలిని షటిల్ ఆడించడానికి మా పట్టణంలోని ఇండోర్ స్టేడియానికి తీసుకెళ్లాను. గేటుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకొట్టు దగ్గర. అతనొచ్చి తలుపు తీస్తే లోపల చెక్క ఫ్లోరు నిండా ఇనుప కుర్చీలు లాగిన గీతలు, చివరి కోర్టులో అన్నం మెతుకులు. ముందురోజు ఏదో సంఘం సభ జరిగిందట, భోజనాలూ అక్కడేనట. ఒక మూల పైకప్పు కారి పలకలు ఉబ్బి లేచాయి. ఎవరి కాలూ దాని మీద పడకుండా ప్లాస్టిక్ బకెట్ బోర్లించి పెట్టారు. అదే హెచ్చరిక బోర్డు. కోర్టుకు గంటకెంత అని అడిగితే "మీ ఇష్టం సార్" అన్నాడు. రసీదు పుస్తకం ఉందా అంటే నవ్వాడు.

అతణ్ని ఏమీ అనను. అతనికిచ్చే జీతం కాపలాకి. నడపాల్సిన అధికారి ఎవరని వాకబు చేస్తే, అప్పటికే రెండు అదనపు బాధ్యతలు మోస్తున్న ఒకాయన పేరు చెప్పారు. ఆయనా ఒకప్పటి పీడీయే, నాలాంటివాడే. కబడ్డీ కూత నేర్పమంటే నేర్పుతాం. చెక్క ఫ్లోరుకు తేమ ఎక్కకుండా ఎలా చూడాలో, కోర్టు ఏ గంటకు ఎవరికివ్వాలో, కరెంటు బిల్లుకు సరిపడా రాబడి ఎలా తేవాలో మాకెవరూ చెప్పలేదు. మా చదువులో నిర్వహణ అంటే ఫిక్స్చర్, అంటే పోటీల్లో ఏ జట్టు ఎవరితో ఆడాలో చెప్పే పట్టిక వేయడం. నాకౌట్‌కు పందొమ్మిది జట్లొస్తే పదమూడు బైలు (మొదటి రౌండు ఆడకుండానే పైకి వెళ్లే అవకాశాలు), నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వ్యాయామ ఉపాధ్యాయుల డిగ్రీ బీపీఈడీలో ఇప్పుడూ నిర్వహణకు ఒక పేపరు ఉంటుంది గానీ ఆ చదువు గురి బడి మైదానమే. చేరేముందు పెట్టే ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లో చూసేదీ వంద మీటర్లు ఎంతలో పరుగెత్తావు, గుండు ఎంత దూరం విసిరావు అనే. టీచరుకు అది సబబే. స్టేడియం మేనేజరుకు గుండుతో పనేముంది?

ఇది మా ఊరి గొడవే అయితే మీదాకా తెచ్చేవాణ్ని కాదు. 2002 జాతీయ క్రీడలకు, ఆ మరుసటి ఏడు ఆఫ్రో ఆసియా క్రీడలకు హైదరాబాద్‌లో ఎన్ని కట్టుకున్నామో మీకు తెలుసు. గచ్చిబౌలిలో క్రీడాకారుల కోసం కట్టిన పద్నాలుగంతస్తుల భవనం 2020లో కొవిడ్‌కి టిమ్స్ ఆసుపత్రి అయింది. ఆపద సమయం, తప్పుపట్టను. కానీ అంత పెద్ద భవనం అంత సులువుగా చేతికందిందంటే, అంతకుముందు దాన్ని ఆటల కోసం ఎంత వాడుకున్నామన్న ప్రశ్న వస్తుంది.

మా తమ్ముడి కూతురు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో స్పోర్ట్ అండ్ రిక్రియేషన్ మేనేజ్‌మెంట్ చదివి అక్కడే ఒక లీజర్ సెంటర్‌లో (ఊరి జనం ఆటలకు, ఈతకు వచ్చే చోటు) డ్యూటీ మేనేజరుగా చేస్తోంది. (మన దగ్గర రిక్రియేషన్ అంటే పేకాట క్లబ్బే కాబట్టి, అమ్మాయి చదువు పేరు చెప్పినప్పుడు మా మరదలు కాస్త కంగారుపడింది.) వెళ్లినప్పుడు ఒక పూట దాని వెంట తిరిగాను. రెండు మూడు గంటలకోసారి స్విమ్మింగ్ పూల్ నీళ్లు చిన్న గొట్టంలో పట్టి, బిళ్ల వేసి, రంగు చూసి క్లోరిన్ ఎంతుందో, పీహెచ్ ఎంతుందో పుస్తకంలో రాసి సంతకం పెడతారు. గోడ మీద వారం టైంటేబుల్: పొద్దున ముసలివాళ్లకు, తర్వాత చంటిపిల్లల తల్లులకు, మధ్యాహ్నం బడిపిల్లలకు, రాత్రి క్లబ్బులకు. ఒక సాయంత్రం ఆడవాళ్లకు మాత్రమే. ఎక్కువ డబ్బు కట్టే క్లబ్బును కాదని ముసలివాళ్లకు ఏ గంట ఇవ్వాలి, ఆ నష్టం ఎక్కడ పూడ్చుకోవాలి అన్నది తనకు పరీక్షలో వచ్చిన ప్రశ్న అని చెప్పింది. నా సర్వీసంతటిలో నన్నెవరూ అడగని ప్రశ్న అది.

ఇంకోటి, జనాన్ని అదుపు చేయడం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర క్రికెట్ టికెట్ల కోసం తొక్కిసలాట జరిగి గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట పదకొండు మంది చనిపోయారు. ఎన్ని గేట్లు తెరవాలి, నిమిషానికి ఎంతమంది లోపలికి వెళ్లగలరు, లోపల నిండిందని బయటివాళ్లకు ఎవరు చెప్పాలి అనేవి లెక్కలు. తరగతిలో నేర్పగలిగినవి. మనం వాటిని పోలీసుల లాఠీకి వదిలేశాం.

ఈ చదువు పుట్టిందీ ఒక ఉత్తరంతోనే. అమెరికాలో బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ 1957లో జేమ్స్ మేసన్ అనే ఆచార్యుడికి, స్టేడియంలాంటివి నడపడం చదువుకున్న మనిషి కావాలంటే ఎక్కడ వెతకాలని రాశాడు. 1966లో ఒహాయో విశ్వవిద్యాలయంలో పీజీ కోర్సు మొదలైంది. మన గ్వాలియర్‌లో లక్ష్మీబాయి పేరిట వ్యాయామ విద్యా కళాశాల పెట్టిందీ 1957లోనే. ఇప్పుడు ఇంఫాల్‌లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం ఉంది, తమిళనాడుకు సొంతంగా ఒకటుంది. ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి 2021లో మొదటి వైస్‌చాన్సలర్‌గా వెళ్లింది మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరే. తెలంగాణ ప్రభుత్వం యంగ్ ఇండియా పేరుతో క్రీడా విశ్వవిద్యాలయం ప్రకటించింది. అందులో కోచింగ్, వ్యాయామ విద్యల పక్కన దీనికీ చోటివ్వాలి. ఆంధ్రలో నాగార్జున విశ్వవిద్యాలయంలాంటి చోట ఎలాగూ వ్యాయామ కళాశాల ఉంది, అక్కడ మొదలుపెట్టవచ్చు.

భయం లేకపోలేదు. లక్షల్లో ఫీజు, ఏసీ గదిలో ఐపీఎల్ స్లైడ్లు, చివర ఒక సర్టిఫికెట్. కోర్సు అలా తయారైతే అసలు వద్దు. సగం చదువు స్టేడియంలోనే జరగాలి. చివరి ఏడాది విద్యార్థి చేతికి ఒక ఇండోర్ స్టేడియం తాళాలు, బుకింగ్ పుస్తకం, కరెంటు బిల్లు ఇచ్చి ఆర్నెల్లు నడపమనాలి. రాబడి ఎంత తెచ్చాడో, ఎంతమంది ఆడపిల్లలు కొత్తగా ఆడటానికొచ్చారో చూసి మార్కులు వేయాలి.

కోర్సు ఒక్కటే పెడితే సరిపోదు. జిల్లా క్రీడాధికారి, స్టేడియం నిర్వాహకుడు లాంటి పోస్టులకు వచ్చే తర్వాతి నోటిఫికేషన్‌లో, అర్హతల గడిలో ఈ డిగ్రీ పేరు కనబడాలి. కనబడకపోతే మా ఊరి పిల్లలెవరైనా వచ్చి చేరమంటారా మాస్టారూ అని అడిగినా, నేను చేరమని చెప్పను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు