మా అంకెలు మాకు తిరిగి చెప్పించండి: ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో తెలుగు పంతులుగా చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఒడియాలో రాయడం నాకు వచ్చు. ఈ లేఖ ఒడియా ప్రతిని తమ కార్యాలయానికి విడిగా పంపుకున్నాను. తెలుగులో బహిరంగంగా రాయడానికి కారణం, ఇందులోని సంగతి తమకు ఎంత అవసరమో మహేంద్రతనయ ఒడ్డునా, బరంపురం తెలుగు వీధుల్లోనూ, గోపాలపురం తీరంలోనూ ఉండే మావాళ్ళకూ అంతే అవసరం కావడం.

మా తమ్ముడు 49వ ఏట గుండెపోటుతో పోయాడు. రైసుమిల్లులో గుమాస్తాగా ఉండేవాడు. కర్మకాండలయ్యాక వాడి ట్రంకుపెట్టెలో ఒక పాలిథిన్ కవరు దొరికింది. అందులో నాలుగేళ్ళ మందుచీటీలున్నాయి. ఒకసారి జ్వరానికి, ఒకసారి మోకాలినొప్పికి, ఒకసారి మిల్లులో చెయ్యి తెగినప్పుడు వెళ్ళాడు. మూడు చీటీల మీదా ఒక మూలన బీపీ రాసి ఉంది: 150/96, 158/100, 164/102. ఆ అంకెలు రాసినవారి మీద నాకు కోపం లేదు. వారి పేర్లు గానీ, ఆ ఆసుపత్రి పేరు గానీ ఇక్కడ రాయను. కొలిచారు, రాశారు. ఆ రాసింది ఏమిటో వాడికి చెప్పలేదు. ఆ రాత్రి గుండెలో మంట మొదలైతే వాడు గ్యాస్ అనుకుని సోడా తాగి, తెల్లారాక చూద్దామని పడుకున్నాడు. తనకు ముప్పు ఉందని ముందే తెలిసినవాడైతే తెల్లవారేదాకా ఆగేవాడు కాదని నా నమ్మకం.

అందుకే ఈ లేఖలో నేను కొత్త ఆసుపత్రి అడగడం లేదు. మా దగ్గర కొలిచిన అంకెలను, వాటి అర్థంతో సహా, మాకు అర్థమయ్యే భాషలో మాకు తిరిగి ఇప్పించమని అడుగుతున్నాను.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనను. 30 ఏళ్ళు దాటిన ప్రతి మనిషినీ ఆశా దిది (ఆశా కార్యకర్త) ఇంటికి వచ్చి అడిగి ఒక పత్రం నింపుతుంది. వయసెంత, పొగాకు అలవాటుందా, మద్యం తాగుతారా, నడుము చుట్టుకొలత ఎంత, వారానికి 150 నిమిషాలైనా శరీరశ్రమ ఉందా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అన్నవి అందులోని ప్రశ్నలు. ప్రతి జవాబుకూ కొన్ని మార్కులుంటాయి. మొత్తం 4 దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పిలవాలి. ఆలోచన చక్కనిది. కానీ మా వీధిలో 20 ఇళ్ళ వారిని అడిగి చూశాను. పత్రం నింపినట్టు చాలామందికి గుర్తుంది, తనకు ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. పరీక్ష రాసిన పిల్లవాడికి మార్కులు చెప్పకుండా రికార్డులో దాచిపెట్టే బడిని నేను ఎక్కడా చూడలేదు.

గుండెజబ్బు విషయంలో ఈ మార్కులు తెలియడం ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మావాళ్ళ దృష్టిలో బీపీ ఒక జబ్బు, షుగర్ ఇంకో జబ్బు, చుట్ట ఒక అలవాటు, పొట్ట సుఖానికి గుర్తు. ఇవన్నీ ఒకే మనిషిలో చేరితే ఒకదాని బలం ఇంకొకదానికి తోడవుతుందని ఎవరూ చెప్పరు. బీపీ 146, షుగర్ "బార్డర్లో", రోజుకు రెండు చుట్టలు ఉన్న మనిషి ప్రతిదీ కొంచెమే కదా అని నిశ్చింతగా ఉంటాడు. నిజానికి వేరే ఏ దోషమూ లేకుండా ఒక్క బీపీ మాత్రమే ఎక్కువగా ఉన్న పక్కింటివాడి కంటే ఇతని ముప్పే ఎక్కువ కావచ్చు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశోధన, తొలిసారి వచ్చే గుండెపోట్ల ముప్పులో సుమారు 90 శాతాన్ని తొమ్మిది అంశాలే వివరిస్తాయని తేల్చింది: పొగతాగడం, రక్తంలో చెడుకొవ్వు, బీపీ, షుగర్, పొట్ట, మనోవేదన, కూరగాయలూ పళ్ళూ తినకపోవడం, శ్రమ లేకపోవడం, మద్యం. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోందనీ, మిగతా దేశాలవారికి 59కి దగ్గరగా వస్తోందనీ అదే పరిశోధనలో తేలింది. అంటే పిల్ల పెళ్ళి, పిల్లవాడి చదువు ఇంకా నెత్తిమీద ఉన్న వయసు.

వీటిలో ముఖ్యమైన కొన్నిటిని కలిపి లెక్కగట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన పటాలున్నాయి. అందులో దక్షిణాసియాకు వేరుగా పటం ఉంది. రక్తపరీక్ష చేయించుకున్నవారికి ఒకటి. రక్తపరీక్ష సౌకర్యం లేనిచోట వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు, బీపీ పై అంకె, ఎత్తుతో పోల్చిన బరువు (బీఎంఐ), ఈ ఐదింటితోనే చూసే పటం ఇంకొకటి. 40 నుంచి 74 ఏళ్ళవారికి ఇవి పనికొస్తాయి. పంచాంగంలో తిథి చూసినట్టు అడ్డంగా, నిలువుగా వేలు జరుపుకుంటూ వెళితే ఒక గడి దగ్గర ఆగుతాం. ఆ గడి ఆకుపచ్చ అయితే ముప్పు 100కి 5 కంటే తక్కువ. పసుపు అయితే 5 నుంచి 10 లోపు. నారింజ అయితే 10 నుంచి 20 లోపు. ఎరుపు అయితే 20 నుంచి 30 లోపు. ముదురు ఎరుపు అయితే 30, ఆపైన. ఇది జాతకం కాదు. నీకు గుండెపోటు వస్తుందనీ, రాదనీ ఆ పటం చెప్పదు. నీలాంటివాళ్ళు 100 మందిని ఒకచోట నిలబెడితే వచ్చే 10 ఏళ్ళలో వారిలో ఎందరికి గుండెపోటో పక్షవాతమో రావచ్చో చెబుతుంది.

తమ్ముడు పోయాక ఒక తెలిసిన డాక్టరు గారు నా చేత ఆ పటం మీద వేలు పెట్టించారు. నాది నారింజ గడి. నన్ను కదిలించింది ఆ రంగు కంటే దాని పక్క గడి. అదే వయసు, అదే బీపీ ఉండి పొగతాగనివాడి గడిలో అంకె నాదానికంటే తక్కువగా ఉంది. వయసు వరుసలో నేను వెనక్కి రాలేను, మగవాడిగా పుట్టడాన్ని మార్చుకోలేను. పొగ వరుస దాటడం మాత్రం నా చేతిలో ఉన్న పని. ముప్పై ఏళ్ళు నా భార్య చెప్పి మాన్పించలేని చుట్టను ఆ గడి మాన్పించింది. (ఈ మాట ఆవిడ ఎదుట అనను.) మానేసిన ఏడాదికే పొగ వల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి దిగుతుందని డాక్టరు గారు చెప్పినప్పుడు, ఈ సంగతి నాకు 40వ ఏట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. బీపీ పై అంకె 10 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు సుమారు ఐదోవంతు తగ్గుతాయి. ఇది చేసే మాత్రలు ఖరీదైనవి కావు. తమ నిరామయ పథకంలో ఉచితంగా ఇచ్చేవే.

పొగాకు దగ్గర మా ప్రాంతం సంగతి ఒకటి తమ దృష్టికి తేవాలి. 2016-17 జాతీయ సర్వే ప్రకారం ఒడిశా పెద్దవారిలో 100కి 45 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అందులో ఎక్కువ భాగం నమిలేదీ, చిగుళ్ళకు రుద్దేదీ. "పొగ తాగుతారా?" అని అడిగితే గుడాకుతో పళ్ళు తోముకునే తల్లి లేదనే చెబుతుంది, ఖైని నలుపుకునే కూలీ లేదనే చెబుతాడు. తీరంలోని తెలుగు ముసలమ్మల్లో అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం, నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. పత్రం నింపడానికి వచ్చిన మనిషి ఆడవాళ్ళని ఆ ప్రశ్నే అడగకుండా గీత గీసి వెళ్ళిపోవడమూ చూశాను. చుట్టా, అడ్డపొగా, బీడీ, గుడాకు, ఖైని, ఒక్కొక్క పేరూ పలికి అడిగితే తప్ప నిజం రాదు.

ఉప్పు సంగతీ అంతే. రోజుకు 5 గ్రాములలోపు, అంటే సుమారు ఒక చిన్న టీ చెంచా, అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మా ఇళ్ళలో చద్దన్నంలో ఉప్పు, పక్కన ఎండుచేప, మాగాయ ముక్క, బరంపురం అప్పడం. "ఉప్పు తగ్గించండి" అంటే కూరలో చిటికెడు తగ్గించి, ఆ చప్పదనానికి ఇంకో ముక్క పచ్చడి వేసుకుంటారు. ఎండుచేప రోజూ కాక వారానికి ఒకసారి, అదీ బాగా నానబెట్టి కడిగి వండుకోమని, అప్పడం చుట్టాలొచ్చినప్పుడు వేయించుకోమని చెబితే వింటారు. మా వంటగది తెలిసినవారే ఆ మాట రాయాలి.

కొలిచే తీరు గురించి కూడా ఒక మాట. శిబిరంలో మెట్లెక్కి వచ్చిన మనిషిని వరుసలో నిలబెట్టి, చొక్కా చెయ్యి మీదే పట్టీ కట్టి, మాట్లాడుతుండగా బీపీ చూస్తున్నారు. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టి, చేతికి గుండె ఎత్తులో ఆధారం ఇచ్చి, టీ గానీ పొగాకు గానీ తీసుకుని అరగంట దాటిందో లేదో అడిగి, రెండుసార్లు చూస్తేనే ఆ అంకెకు విలువ. తప్పుడు అంకె వేయడం, అసలు చెప్పకపోవడం, రెండూ మనిషిని ఒకే చోటికి తీసుకుపోతాయి.

ఇక నా విన్నపాలు. 40 దాటిన ప్రతివారికీ మడిచి జేబులో పెట్టుకునే అట్టకార్డు ఇప్పించండి. దాని మీద బీపీ, షుగర్, నడుము కొలత, వీలైతే కొలెస్ట్రాల్, ముప్పు గడి రంగు, మార్చుకోగల కారణాలు ఇవీ అని ఉండాలి. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఆ కార్డు ఒడియాతోపాటు తెలుగులోనూ ఉండాలి. తెలుగుకే పక్షపాతిని కాను. కొండమీది సవరలకు సవరలో, కుయి మాట్లాడేవారికి కుయిలో చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇదే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటూ, సవర భాష నేర్చుకుని, వారికి వారి భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. ఆ ఊరివాడిని కనుక ఇంత ధైర్యంగా అడుగుతున్నాను.

బీపీ మాత్రలు స్థిరపడినవారికి రెండు మూడు నెలలకు సరిపడా ఒకేసారి ఇప్పించండి. నెలకోసారి మాత్రల కోసం సెంటరుకు పోయిరావడమంటే కూలీకి ఒక రోజు కూలి పోవడం. అందుకే "అంకె మామూలుకొచ్చింది కదా" అని మానేస్తారు. మాత్ర వల్లే అంకె దిగిందని వారికి తెలియదు.

గంజాం మగవాళ్ళలో చాలామంది సూరత్ మగ్గాల్లో ఉంటారు. ఆశా దిది వచ్చేనాటికి ఇంట్లో ఉండేది ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ. రెండేళ్ళకోసారి బరంపురంలో బూఢీ ఠాకురాణి జాతర జరిగేటప్పుడు, సంక్రాంతికి, వారు ఊరు చేరతారు. ఆ రోజుల్లో జాతర వీధిలోనే నాలుగు కుర్చీలు వేసి బీపీ చూపించండి.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి తమకు తెలిసే ఉంటుంది. ఆ పల్లెలు ఇచ్ఛాపురం, సోంపేట వైపు, ఆంధ్రలోనివి. మా వియ్యాలూ అక్కడే. కిడ్నీ దెబ్బతిన్నవారికి గుండె ముప్పు ఎక్కువ, కానీ ఆ రంగుల పటం కిడ్నీని లెక్కలోకి తీసుకోదు. ఆ వైపునుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి బీపీ చూసినప్పుడు మూత్రపరీక్ష కూడా చేయించమని మా సెంటర్లకు ఒక మాట రాయించండి.

గోపబంధు జన ఆరోగ్య యోజన కార్డు కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు, ఆడవారికి అదనంగా మరో 5 లక్షల వరకు వైద్యం దొరుకుతోంది. 2025 నుంచి అది సరిహద్దు అవతల కూడా చెల్లుతున్నందుకు మావాళ్ళందరి తరఫునా కృతజ్ఞతలు. స్టెంటు వేయించుకునే రోజున అది అక్కరకొస్తుంది. నేను అడిగే అట్టకార్డు దానికి పదేళ్ళ ముందు చేతికి రావలసినది, ఖర్చు అచ్చుకూలి మాత్రమే.

దాన్ని తెలుగు చేయడానికి మనిషి దొరకలేదని ఫైలు ఆగిపోతే, నేనున్నాను. జీతం అవసరం లేదు. ఒడియా ప్రతి పంపిస్తే వారంలో తెలుగు చేసి, మా వీధిలో చదువు రాని ముసలమ్మకు చదివి వినిపించి, ఆవిడకు అర్థమైందనిపించుకున్నాకే తిరిగి పంపుతాను.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా